వాషింగ్ మెషీన్‌లో కోతితోక

డిసెంబరు ఇరవై నాలుగో తేదీ ఉదయం ఒర్తెన్సియా పెట్టుకున్న పని చిన్నదే. అబద్ధం ఆడకుండా నిజం దాచాలి. అంతే.

మధ్యాహ్నం ఆమె కొడుకు నిబాల్దోకి కాబోయే అత్తగారు మొదటిసారి ఇంటికి వస్తోంది. ఆవిడ పేరు ఎదెల్మీరా. సముద్రం ఒడ్డున ఉన్న ప్రార్థన మందిరంలో గిటారు వాయిస్తుంది, పాటల జట్టును నడుపుతుంది, సారా ఉన్న ఇంటి గుమ్మం తొక్కదు. ఇల్లు చూశాకే పెళ్ళికి ఊఁ అంటానని చెప్పింది. ఆవిడ ఊఁ అనందే పెళ్ళి లేదని కూతురు యస్నా కూడా చెప్పేసింది. నిబాల్దో రేవులో చేపలు కోస్తాడు. ముప్పై ఆరేళ్ళు నిండాయి. ఇంతకు ముందు ఇద్దరమ్మాయిలు అతని ఒంటి మీది చేపల వాసనకే పారిపోయారు. యస్నాది చేపల దుకాణం కాబట్టి నిలబడింది. ఈ పిల్ల కూడా చేజారితే ఇక సముద్రంలోంచే ఎవరైనా నడిచి రావాలని ఒర్తెన్సియా బెంగ.

"అమ్మా, ఇంట్లో చుక్క కూడా ఉండకూడదు. ఒట్టు వెయ్యి," అన్నాడు నిబాల్దో వారం ముందే.

"ఉండదురా. మీ నాన్న మీద ఒట్టు."

"నాన్న పోయి పదేళ్ళయింది. ఇప్పుడాయనకి కొత్తగా పోయేదేముంది?"

"సరే, నా మీద ఒట్టు. చాలా?"

ఒట్టయితే వేసింది గానీ, చిలీ సముద్రతీరాన మా కొకింబో కొండ మీద ఆ సందులో క్రిస్మస్ అంటే ఒర్తెన్సియా చేసే కోతితోక. ఆ పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడగకండి. పాలు, కాఫీ, పంచదార, దాల్చినచెక్క, లవంగాలు, జాజికాయ, నారింజ తొక్క, చివర్లో గొంతు మండించే సారా. చల్లగా గ్లాసులో పోస్తే పాలకాఫీలా అమాయకంగా కనబడుతుంది. వాళ్ళమ్మ కాలం నుంచీ పండగనాడు సందు సందంతా ఆ ఇంటి గుమ్మం ముందు గ్లాసులతో వాలుతుంది. ఈ ఏడు లేదంటే ఆ ఇంట్లో ఎవరో పోయారనుకుని పూలు పట్టుకొస్తారు.

అందుకని ఆమె పొద్దున్నే పెద్ద గిన్నెడు పాలు పొయ్యి మీద పెట్టింది. మసాలాలు మరిగి, కాఫీ కలిసి, ఇల్లంతా ఘుమఘుమలాడింది. బాగా చల్లారాక ఒక గాజు కూజా నింపి ఫ్రిజ్‌లో పెట్టింది. అది వియ్యపురాలికి. మిగిలినదాంట్లో ధారాళంగా సారా కలిపి నీళ్ళ సీసాల్లోకి ఎత్తింది. వాటిని పెరట్లో రేకుల కింద ఉన్న వాషింగ్ మెషీన్‌లో పెట్టి, పైన ఐసు గుమ్మరించి, మూత వేసింది. ఇంట్లో చుక్క ఉండదని కదా ఒట్టు. పెరడు ఇల్లెలా అవుతుంది?

మనసు తేలికై, తల దువ్వించుకోవడానికి పక్కింటికి వెళ్ళింది.

అప్పుడే నిబాల్దో రేవు నుంచి వచ్చాడు. మాకు డిసెంబరంటే నడివేసవి, ఎండకి నాలుక పిడచకట్టుకుపోయింది. ఫ్రిజ్ తెరిచి, కూజా ఎత్తి, గటగటా తాగేశాడు. సగం కడుపులోకి, కాస్త చొక్కా మీదికి పోయింది. చొక్కా విప్పి ఉతకడానికి పడేద్దామని వాషింగ్ మెషీన్ మూత తీస్తే, లోపల ఐసులో సీసాలు వరసగా కూర్చుని ఉన్నాయి. అదే రంగు, పైన అదే దాల్చినచెక్క ముక్క. ఫ్రిజ్‌లో చోటు చాలక అమ్మ మిగతా కాఫీ ఇక్కడ పెట్టిందనుకున్నాడు. వాసన చూస్తే తెలిసేదే కదా అంటారేమో. ఇరవై ఏళ్ళు చేపల మధ్య పనిచేసిన ముక్కు అది, ఎప్పుడో సెలవు పుచ్చుకుంది. ఒక సీసా తెచ్చి కూజా మళ్ళీ నిండుగా నింపి, అమ్మ కంటపడకుండా తప్పు దిద్దుకున్నానని ఈల వేసుకుంటూ స్నానానికి పోయాడు. ముందే వచ్చి బల్ల సర్దుతున్న యస్నా ఇదంతా చూసి, ఇంటి పని చేసే మొగుడు దొరికాడని మురిసిపోయింది.

ఎదెల్మీరా చెప్పిన వేళకే వచ్చింది. నల్ల గౌను, తళతళలాడే బూట్లు, వీపున గిటారు. ఇల్లంతా కళ్ళతోనే తుడిచింది. ఒర్తెన్సియా పండగ కేకు కోసి, కూజాలోంచి గ్లాసు నింపి ఇచ్చింది.

"కాఫీయేనండీ వదినగారూ. పాలు, దాల్చినచెక్క. వేరే ఏమీ లేదు."

ఎదెల్మీరా ఒక గుక్క తాగి ఆగింది. గ్లాసు వైపు చూసింది. మళ్ళీ తాగింది.

"కాఫీ చాలా బాగుంది," అంది. "ఇంకొంచెం పొయ్యండి."

రెండో గ్లాసుకి ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి. మూడోదానికి నిబాల్దోని "బాబూ" నుంచి "నాన్నా"లోకి దింపింది. ఒర్తెన్సియా పొంగిపోయింది. ఇంత మెచ్చుకుంటున్నారు, తానూ కాస్త తాగుదామని గ్లాసు నోటికి ఆనించింది. పై ప్రాణాలు పైనే పోయాయి. కొడుకు చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

"కూజాలో ఏం కలిపావురా?"

"ఏం కలపలేదే! కాస్త తాగాను, అంతే నింపాను. వాషింగ్ మెషీన్‌లో ఉన్న కాఫీతో."

"అది కాఫీ కాదురా నాయనా! కోతితోక!"

"ఒట్టేశావు కదమ్మా!"

"ఇంట్లో ఉండదన్నాను. పెరట్లో ఉంది. ఇంట్లోకి తెచ్చింది నువ్వు!"

నిబాల్దో నోరు తెరిచేలోగా హాల్లోంచి కేక వినబడింది. ప్రార్థన చేద్దామని లేచిన ఎదెల్మీరా రెండు చేతులా బల్ల పట్టుకుని ఊగుతోంది.

"కదుల్తోంది! భూమి కదుల్తోంది!"

తల్లీకొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దేవుడే దారి చూపించాడు.

"అవునండోయ్, కదుల్తోంది!" అంది ఒర్తెన్సియా గోడ పట్టుకుని.

"పెద్దదేనండీ అత్తగారూ. ఇంకా ఆగలేదు," అన్నాడు నిబాల్దో, పనిలో పనిగా దీపాన్ని వేలితో ఊపి.

"నాకేం తెలియట్లేదే?" అంది యస్నా. ఒర్తెన్సియా ఆమె కాలు తొక్కింది.

ఆ మాట అక్కడితో ఆగిపోవలసింది. చిన్నాచితకా కుదుపులకి మా ఊళ్ళో ఎవరూ కుర్చీలోంచి లేవరు. కానీ ఎదెల్మీరా ఉండేది కింద సముద్రపు ఒడ్డు వీధిలో. పెద్ద భూకంపం వచ్చిన ఏడు సముద్రం ఆవిడ వంటింటి దాకా వచ్చి వెళ్ళింది. కాళ్ళ మీద నిలబడలేనంతగా ఊగితే సునామీ సైరన్ కోసం చూడకుండా కొండెక్కాలని అక్కడ పసిపిల్లలు కూడా చెబుతారు. ఆవిడ నిజంగానే నిలబడలేకపోతోంది.

"మా సిస్టర్లంతా కింద మందిరంలో పాటలు ప్రాక్టీసు చేస్తున్నారు!" అంటూ ఫోన్ తీసింది. "హలో! వెంటనే పైకి రండి! నేను నిలబడలేకపోతున్నాను!... మీకు తెలియలేదా? మీరు పాడుతున్నారు కాబట్టి తెలియలేదు! మాట్లాడకుండా రండి!"

కాసేపటికి మెట్ల దారంతా స్తోత్రాలతో మారుమోగింది. గిటార్లు, డోలు, పండగ కేకులు, ఇద్దరు ముసలమ్మలు, వాళ్ళ కుర్చీలు, అన్నీ కొండెక్కుతున్నాయి. వాళ్ళను చూసి చేపల దుకాణాల వాళ్ళు షట్టర్లు దించి వెనకే బయలుదేరారు. సందు పెద్ద బౌదీలియో పరుగెత్తుకొచ్చాడు. ప్రమాదం వస్తే వాడమని పురపాలక సంఘం వాళ్ళు ఆయనకో పచ్చ కోటూ ఒక మైకూ ఇచ్చి చాలా ఏళ్ళయింది. ఇంతవరకూ తప్పిపోయిన కుక్కల కోసం తప్ప వాడే భాగ్యం కలగలేదు.

"తోసుకోవద్దు! ముసలివాళ్ళు నీడలోకి! రిక్టరు మీద ఎంత ఉంటుందంటారు?" అని మైకులో అడిగాడు.

తనకు తెలియలేదని ఎవరైనా ఒప్పుకుంటే పరువేం కావాలి?

"ఐదున్నరకి తగ్గదు," అన్నాడు రొట్టెలాయన.

"ఐదున్నరా! ఆరు. మా పిల్లి మంచం కింద దూరింది," అంది పక్కింటావిడ. ఆ పిల్లి పొద్దున్నుంచీ అక్కడే ఉంది.

ఎండలో అన్ని మెట్లెక్కిన సిస్టర్లకి దాహం వేసింది. ఎదెల్మీరా తనే కూజా తెచ్చి వంచింది. ముగ్గురికి సరిపోయింది.

"అయ్యో, అయిపోయింది," అంది.

"అయిపోలేదమ్మా!" అంది యస్నా హుషారుగా. "వాషింగ్ మెషీన్ నిండా ఉంది. నిబాల్దో తెస్తుంటే నేను చూశాగా!"

"అది పుల్లబడిందే తల్లీ!" అంటూ ఒర్తెన్సియా అడ్డం పడింది.

ఎదెల్మీరా ఒక సీసా మూత తీసి రుచి చూసింది. "భేషుగ్గా ఉంది. పంచండి."

సీసాలు చేతులు మారాయి. సందువాళ్ళు ఒక గుక్క తాగి, ఒర్తెన్సియా వైపు చూసి కన్ను గీటి, మళ్ళీ గ్లాసు చాపారు. సిస్టర్లు మాత్రం ఇంత మంచి కాఫీ ఎన్నడూ ఎరగమన్నారు. నెమ్మదిగా సాగవలసిన స్తోత్రగీతం చప్పట్లు అందుకుంది. డోలు వాయించే సిస్టర్ బూట్లు విప్పేసింది. కుర్చీలో మోసుకొచ్చిన ముసలమ్మల్లో ఒకావిడ లేచి, జేబురుమాలు తిప్పుతూ నాలుగడుగులు ఆడింది. నిబాల్దో తలుపు వెనక నిలబడి, తన పెళ్ళి డోలు దెబ్బకొక మెట్టు చొప్పున కొండ దిగిపోవడం చూస్తున్నాడు.

అంతలో బౌదీలియో రేడియో చెవికి ఆనించుకుని, ముఖం వేలాడేసుకుని మైకు అందుకున్నాడు.

"గమనిక. ఇవాళ ఎక్కడా భూమి కదల్లేదట. అసలు ఏమీ లేదట."

పాట ఆగింది. రొట్టెలాయన గొంతు సవరించుకున్నాడు. "నేనప్పుడే అనుకున్నాను. ఎవరో అన్నారని అన్నాను గానీ..."

"ఎవరన్నారు ముందు?"

అందరి తలలూ ఎదెల్మీరా వైపు తిరిగాయి. "పండగపూట దుకాణం మూయించావు కదమ్మా!" అన్నారొకరు. "ముసలాళ్ళను ఎండలో మెట్లెక్కించావు," అన్నారింకొకరు. అంతవరకూ నిటారుగా ఉన్న ఆ మనిషి భుజాలు వంగిపోయాయి. గిటారును రెండు చేతులా పొట్టకి అదుముకుంది.

ఒర్తెన్సియాకి ఏడుపొచ్చినంత పనైంది. పెళ్ళి పోతే పోనీ, నా కూజా చేసిన తప్పుకి ఈవిడ తల దించుకోవడమా? జనాన్ని తోసుకుంటూ వెళ్ళి బౌదీలియో చేతిలోంచి మైకు లాక్కుంది. నిబాల్దో కళ్ళు మూసుకున్నాడు.

"అందరూ వినండి! ఎదెల్మీరా గారి తప్పేమీ లేదు. ఆవిడ ఊగింది నిజం. కానీ ఊపింది భూమి కాదు. నేను. నా..."

అప్పుడు భూమి ఊగింది.

దూరం నుంచి బరువైన బండి వస్తున్నట్టు రొద మొదలై, కాళ్ళ కిందికి వచ్చేసింది. కిటికీలు గడగడలాడాయి, కరెంటు తీగలు కొట్టుకున్నాయి, కుక్కలన్నీ ఒక్కసారే అందుకున్నాయి. పక్కింటావిడ పిల్లి మంచం కిందనుంచి బయటికొచ్చింది. ఒర్తెన్సియా మైకుతో సహా ఎదెల్మీరా ఒళ్ళో పడింది. ఇద్దరూ ఒకరినొకరు గట్టిగా పట్టుకుని దేవుణ్ణి తలుచుకున్నారు. కుదుపు తగ్గేసరికి కింద రేవులో సైరన్ కూసింది. ఒడ్డు వీధుల్లో మిగిలిన జనమంతా రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చేసరికి, సిస్టర్లు అప్పటికే నీడలో, చేతిలో గ్లాసులతో సుఖంగా కూర్చుని ఉన్నారు.

ఎవరికీ ఏమీ కాలేదు. సముద్రం ఇసుక తడిపి వెనక్కి పోయింది. కాకపోతే కిందికి చూడ్డానికి వెళ్ళిన వాళ్ళు వచ్చి చెప్పారు, మందిరంలో పాటల జట్టు నిలబడే చోట పైకప్పు పెచ్చు ఊడి పడిందని.

"సిస్టర్‌కి ముందే తెలిసింది!" అంది కుర్చీ ముసలమ్మ, మళ్ళీ లేచి. "దేవునికి స్తోత్రం!"

"స్తోత్రం!" అంది సందంతా. రొట్టెలాయన అందరికన్నా గట్టిగా అన్నాడు. బౌదీలియో పచ్చ కోటు విప్పి ఎదెల్మీరా భుజాల మీద కప్పాడు.

ఆ హడావుడిలో ఒర్తెన్సియా చెప్పబోయిన మాట ఎవరికీ గుర్తులేదు. ఒక్కరికి తప్ప. జనం పలచబడ్డాక ఎదెల్మీరా వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"మైకులో ఏదో చెప్పబోయారు వదినగారూ."

ఒర్తెన్సియా తేలు కుట్టిన దొంగలా నిలబడింది. "అదే... కాఫీ..."

"మా నాన్న ఎల్కీ లోయలో ముప్పయ్యేళ్ళు సారా బట్టీ నడిపాడు. మొదటి గుక్కకే తెలిసింది నాకు." ఎదెల్మీరా బల్ల మీద మిగిలిన గ్లాసు తీసుకుని దాని అడుగు వైపు చూసింది. "అమ్మ పోయాక మళ్ళీ ఈ రుచి ఎరగను. గ్లాసు కింద పెట్టేయాల్సింది. చెయ్యి రాలేదు. మొదటి గ్లాసు పాపం మీది, రెండోది నాది. మూడోదాన్ని దేవుడు వాడుకున్నాడు."

ఒర్తెన్సియాకి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. ఎదెల్మీరా కూడా కళ్ళు తుడుచుకుంది. మాట ఇచ్చి, అబద్ధమాడి, నలుగురిలో తన కోసం పరువు పోగొట్టుకోవడానికి సిద్ధపడిన ఇలాంటి వియ్యపురాలు తనకెక్కడ దొరుకుతుందంది. పెళ్ళి ఏప్రిల్లో అంది. తలుపు సందులోంచి వింటున్న నిబాల్దో యస్నాని అమాంతం ఎత్తేశాడు.

"మందిరం హాల్లోనే చేద్దాం," అంది ఎదెల్మీరా గిటారు తగిలించుకుంటూ. "ముందే చెబుతున్నాను, హాల్లో ఒక్క చుక్క ఉండకూడదు."

"ఉండదండీ. నా మీద ఒట్టు."

గుమ్మం దాకా వెళ్ళిన ఎదెల్మీరా వెనక్కి తిరిగింది.

"హాలు వెనకాల పెరడుంది. మీ వాషింగ్ మెషీన్ తెచ్చుకోండి."