టాపూ టాక్ మహర్దశ

ఇలా దగ్గరికి జరిగి కూర్చో శ్రావణీ. ఆ ఫోను కాసేపు బోర్లించు, అదేమీ అలగదులే. మన డిగ్నాబాద్ లోకనాథం సముద్రాన్ని రద్దుచేసిన సంగతి నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. పేపర్లో చదివానంటావు. పేపర్లో వచ్చింది సగమే. మిగతా సగం మా బోటివాళ్ళ దగ్గర ఉండిపోయింది.

ఒక ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాలులో తెల్లచొక్కా తొడుక్కుని, మెడలో పార్టీ కండువా సర్దుకుని లోకనాథం లేచి నిలబడ్డాడు. "ద్వీపవాసులారా, ఈ రోజు నుంచి మనకూ మనకూ మధ్య సముద్రం లేదు. టాపూ టాక్ ఉంది" అని ప్రకటించాడు. టాపూ అంటే హిందీలో దీవి. జనం చప్పట్లు కొట్టారు. కిటికీలోంచి చూస్తే సముద్రం ఎప్పటిలాగే ఉంది. అయినా అంత పెద్ద సభలో దాన్ని ఎవరు పట్టించుకుంటారు?

లోకనాథం సామాన్యుడు కాదు. ఇరవై రెండేళ్ళుగా పార్టీ మనిషి. జెండాలు కట్టాడు, పోస్టర్లు అంటించాడు, నాయకులు విమానం దిగితే దండ అందించాడు, ఎక్కితే సంచి అందించాడు. ఇంత సేవ చేసిన మనిషికి కోరిక ఒక్కటే, డిగ్నాబాద్ వార్డు కౌన్సిలర్ టికెట్. అడిగినప్పుడల్లా పార్టీ అధ్యక్షుడు గోపినాథ్ గారు ప్రేమగా భుజం తట్టేవాడు. తట్టీ తట్టీ ఆ భుజం ఒక అంగుళం కిందికి దిగిపోయింది. ఆ ఏడు మాత్రం ఆయన తట్టకుండా ఒక మాట అన్నాడు.

"ఇది స్టార్టప్పుల జమానా లోకనాథం. నీ పేరు మీద ఒకటి పెట్టు. దాన్ని ఏదైనా పెద్ద కంపెనీ కొన్నదనిపించు. ఆ కాగితాల మీద సంతకాలు పడిన పూటే నీ టికెట్ అనౌన్స్ చేస్తాను."

లోకనాథానికి స్టార్టప్ అంటే ఏమిటో తెలియదు. తెలియదు కాబట్టే వెనకాడలేదు. గొప్పవాళ్ళంతా అలాగే మొదలవుతారు.

తిన్నగా నెహెమ్యా ఇంటికి వెళ్ళాడు. నెహెమ్యా ఓడల్లో వైర్‌లెస్ సెట్లు బాగుచేసే మనిషి. యాభై దాటాయి. ఆదివారం ప్రార్థనలో తెలుగు పాటలకు హార్మోనియం వాయిస్తాడు. అబద్ధం చెప్పడం చేతకాదు, అందుకని ఏ పార్టీలోనూ చేరలేకపోయాడు. అప్పటికే ఆయన ఇంటర్నెట్ మీద ఫోను చేసుకునే యాప్ ఒకటి తయారుచేసి పెట్టుకున్నాడు. ఇక్కడ నొక్కితే అక్కడ ఓడ గంటలాగా ఠంగు ఠంగుమని మోగుతుంది.

"రింగు బ్రహ్మాండంగా వెళ్తోంది భయ్యా, మాటే వెళ్ళట్లేదు" అన్నాడు నెహెమ్యా బాధగా. "ఎత్తితే గరగర తప్ప ఏమీ వినపడదు. ఇంకో ఏడాది టైమివ్వు."

"మాటలు సెకండ్ ఫేజులో చూద్దాం. ప్రజలకు ముందు రింగు కావాలి" అన్నాడు లోకనాథం. ఇరవై రెండేళ్ళ రాజకీయ అనుభవం ఊరికే పోతుందా?

మాట వెళ్ళని ఫోనుకు అంత పేరెలా వచ్చిందని అడగబోతున్నావు. అది మన ఆడవాళ్ళ చలవ. మనవాళ్ళకు ఫోనులో మాట్లాడే అలవాటు ఎప్పుడూ లేదు. రింగులు ఇచ్చుకునే అలవాటే ఉంది. ఒక్క రింగిచ్చి ఆపేస్తే పడవెక్కానని అర్థం. రెండైతే దిగాను, జెట్టీకి రండి. మూడైతే సముద్రం బాగాలేదు, పడవ రద్దు. నాలుగైతే చేప బాగా పడింది, ఐసు సిద్ధం చేయండి. ఆపకుండా, దానంతటదే ఆగిపోయేదాకా మోగిందంటే ఇంట్లో ఎవరో పోయారు, ఉన్నవాళ్ళు ఉన్నట్టు బయల్దేరండి. మామూలు ఫోనులో చేసేవాళ్ళ చెవిలో సినిమా పాట వచ్చేది. పల్లవి అయ్యేలోగా అవతల ఎన్ని రింగులు వెళ్ళాయో ఎవరికీ అంతుపట్టేది కాదు. ఐసు అడిగితే పడవ రద్దయ్యేది. టాపూ టాక్‌లో పాట లేదు, ఠంగు ఒక్కటే. వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు.

ఎత్తడం మాత్రం మర్యాద కాదు. ఎత్తితే లెక్క తెగిపోతుంది. పడవ మీద వెళ్ళాల్సిన మాయాబందర్‌లో ఒక కొత్తకోడలు తెలియక ఎత్తి "హలో" అన్నదట. అత్తగారు మూడు రోజులు ఆ పిల్ల చేతి నీళ్ళు ముట్టలేదు.

అలా ఆర్నెల్లు తిరిగేసరికి టాపూ టాక్ మీద రోజుకు రెండు లక్షల కాల్స్ వెళ్ళసాగాయి. ఫీనిక్స్ బేలో పడవ ఆగిందంటే జెట్టీ అంతా గుడి గంటలు మోగినట్టుండేది. లోకనాథం బొమ్మతో పోస్టర్లు వెలిశాయి. "దూరం పోయింది, మాట మిగిలింది" అని రాయించాడు. నెహెమ్యా ఆ పోస్టరు ముందు నిలబడి తల గోక్కుని, చుట్టూ చూసి వెళ్ళిపోయాడు.

ఈ కీర్తి సముద్రం దాటి చెన్నపట్నంలో ఒక పెద్ద కంపెనీ చెవిన పడింది. వాళ్ళు కళ మేడమ్ అని ఒకావిడను పంపారు. తెలుగమ్మాయే. చేతిలో పలకలాంటి కంప్యూటరు, ముఖాన చెరగని చిరునవ్వు. రెండు రోజులు లెక్కలన్నీ చూసి ఆవిడ ముచ్చటపడిపోయింది. వాళ్ళ కంపెనీ ఫోనులో సరిగ్గా వినపడటం లేదని రోజూ వేల ఫిర్యాదులొస్తాయట. టాపూ టాక్ మీద ఇప్పటిదాకా ఒక్కటి కూడా రాలేదు. ఆవిడకు ఒక్కటే సందేహం మిగిలింది.

"యావరేజ్ టాక్ టైమ్ ఎందుకో సున్నా చూపిస్తోంది సార్."

"మా ప్రజలు మితభాషులు మేడమ్" అన్నాడు లోకనాథం.

ఆవిడ ఆ ముక్క రాసుకుంది.

కొనుగోలు ఖాయమైంది. సంతకాలకు ముందురోజు ఫీనిక్స్ బే దగ్గర షామియానా వేసి సభ పెట్టారు. కార్యక్రమంలో ముఖ్య ఘట్టం లైవ్ డెమో. గోపినాథ్ గారు స్టేజీ మీద నుంచి, అందరి ముందూ లౌడ్‌స్పీకర్లో, మాయాబందర్‌కు టాపూ టాక్ చేయాలి. అక్కడ లోకనాథం అక్క కాసులమ్మ ఎత్తి, ప్రజల తరఫున రెండు మాటలు మాట్లాడాలి. లౌడ్‌స్పీకర్లో గరగరమన్నా సముద్రపు గాలి అని సర్దిచెప్పవచ్చని లోకనాథం ధైర్యం.

వచ్చిన చిక్కల్లా ఫోను ఎత్తమని అక్కకు చెప్పడం దగ్గర. ఎత్తు అనడానికి టాపూ టాక్‌లో రింగు లేదు. అందుకని పడవ నడిపే అసిరయ్యతో నోటిమాటగా కబురంపాడు. అసిరయ్య నమ్మకస్తుడు. ఎండుచేపలు తిరగేస్తున్న కాసులమ్మ ఎదుట నిలబడి, ఫోను మోగితే ఎత్తమన్నాడని ఉన్నదున్నట్టు చెప్పాడు. కాసులమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. తన తమ్ముడు అంత మర్యాద లేని మాట అనడని, అసిరయ్య పట్టపగలే మందు కొట్టి వచ్చాడని తేల్చుకుని, అతనికి మజ్జిగ ఇచ్చి పంపేసింది.

సభలో గోపినాథ్ గారు లేచాడు. టాపూ టాక్ అబద్ధం ఎరుగదనీ, ఇకమీదట ద్వీపంలో ఏ కబురైనా నిజమో కాదో తెలుసుకోవడానికి ఎవరూ కాలు కదపనక్కరలేదనీ చెప్పాడు. లోకనాథం తన ఫోను రెండు చేతులతో అందించాడు. ఠంగు. ఠంగు. ఠంగు. నాలుగోది మోగేసరికి ముందు వరుసలో చేపల ఆడవాళ్ళు సంతోషంగా ఐసు సంగతి మాట్లాడుకున్నారు. ఎనిమిదోది దాటాక గొణుగుడు ఆగిపోయింది. పన్నెండోదానికి ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోకనాథం గోపినాథ్ గారి పక్కకు జరిగాడు.

"సర్, కట్ చేసెయ్యండి. మీకు దండం పెడతాను" అన్నాడు చెవిలో.

"ఎత్తేదాకా చేయాల్సిందే. మేడమ్ చూస్తోంది."

దానంతటదే ఆగిపోయేదాకా మోగింది. గోపినాథ్ గారు పట్టుదల మనిషి. మళ్ళీ చేశాడు. అదీ ఆఖరుదాకా మోగింది. మూడోసారీ చేశాడు.

"అక్కగారు ఆనందంతో నోటమాట రాక నిలబడిపోయారు" అని మైకులో చెప్పాడు. కళ మేడమ్ అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది.

అక్కడ మాయాబందర్‌లో కాసులమ్మ చేతిలో చేప జారిపడింది. తమ్ముడి ఇంటి నుంచి మూడు చావులు. ఏడుస్తూనే చుట్టాలందరికీ ఆఖరుదాకా రింగులు కొట్టింది. వాళ్ళు వాళ్ళ చుట్టాలకు కొట్టారు. ఆ సాయంత్రం టాపూ టాక్ మీద ఆరు లక్షల కాల్స్ వెళ్ళాయి. కళ మేడమ్ పలక చూసుకుని, ఒక్క డెమోకు ఇంత స్పందన తన సర్వీసులో చూడలేదని చెన్నపట్నానికి రాసి పంపింది.

మర్నాడు పొద్దున పడవ నిండా జనం దిగి, ఏడుపులతో డిగ్నాబాద్ చేరారు. ఆ రోజే సంతకాలు, ఆ రోజే టికెట్. తలంటుకుని కొత్తచొక్కా తొడుక్కుంటున్న లోకనాథం గుమ్మంలోకి వచ్చాడు. కాసులమ్మ అతని మెడ పట్టుకుని ఒక విడత ఏడ్చి, మధ్యలో ఆగి ముఖం పరకాయించి చూసింది.

"ఓరి తమ్ముడా, నువ్వు బతికే ఉన్నావేట్రా?"

"ఉన్నానక్కా."

"మరి పోయినోల్లు ఎవులు?"

"ఎవరూ పోలేదు. అది డెమో."

"మూడుసార్లు మోగింది గదరా. సావు కబురుతో ఆటలేటి నీకు?" అని కాసులమ్మ వీపు మీద రెండు చరిచింది. చుట్టాలు ఊరుకోలేదు. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళకు కనీసం కారణం చెప్పాలన్నారు. అందరికీ చాయ్ పోయించి, ఒక్కొక్కరికీ తాను పోలేదని విడివిడిగా చెప్పుకుని, క్షమాపణ అడిగి, బయటపడేసరికి పదకొండు దాటింది. పార్టీ ఆఫీసుకు పరిగెత్తాడు.

ఆఫీసులో అందరూ తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. గోడకు లోకనాథం ఫోటో, దానికి దండ. పక్కనే బల్ల మీద, అతని బదులు గోపినాథ్ గారే సంతకాలు పూర్తిచేసిన కాగితాలు. గోపినాథ్ గారి ఇంటికి కూడా ముందురోజు సాయంత్రం లోకనాథం చుట్టాల నుంచి ఆఖరుదాకా రింగులు వచ్చాయి మరి. డిగ్నాబాద్ ఎంతో దూరం కాదు, నడిస్తే పది నిమిషాలు. కాని కాలు కదపనక్కరలేదని అందరి ముందూ చెప్పిన పెద్దమనిషి, తెల్లారగానే మాట తప్పి నడిచి వెళితే బాగుంటుందా?

"సర్, నేను..." అన్నాడు లోకనాథం.

"ష్. నిలబడు. మౌనం ఇంకా అర నిమిషం ఉంది."

క్రమశిక్షణ గల కార్యకర్త కాబట్టి అర నిమిషం తన కోసం తాను నిలబడ్డాడు. ఆ తరువాత చెప్పాడు.

"నేను బతికే ఉన్నాను సర్."

"చూస్తూనే ఉన్నాను కదయ్యా. కాని సంతాప తీర్మానం ఏకగ్రీవంగా పాసైంది. మన పార్టీలో ఏకగ్రీవంగా పాసైన తీర్మానం ఇదొక్కటే. నీ మూలంగా దాన్ని వెనక్కి తీసుకోమంటావా?"

"మరి నా టికెట్?"

"నీ ఆశయాలు కొనసాగించడానికి మా బావమరిది ముందుకొచ్చాడు. ఎంత వద్దన్నా వినలేదు."

కళ మేడమ్ కూడా ఓదార్చింది. ఫౌండరు చివరిక్షణం దాకా ప్రజల కోసం రింగు చేస్తూనే పోయాడని వాళ్ళ బోర్డువాళ్ళు కంటతడి పెట్టుకున్నారట. ఆ కథ మీదే సంతకాలు పడ్డాయి, ఇప్పుడు మారిస్తే ఇబ్బంది అన్నది. మూలన కూర్చున్న నెహెమ్యా లేచి, "ఇందులో మాట వెళ్ళదు మేడమ్, ఆ సంగతి మీకెవరైనా చెప్పారా?" అని అడిగాడు. సంతాప సభలో వ్యాపారం మాట్లాడకూడదని అతన్ని కూర్చోబెట్టారు.

అప్పుడు గోపినాథ్ గారు మైకు తీసుకుని, దివంగత నేతతో అందరికన్నా దగ్గరి అనుబంధం ఉన్నవారు రెండు మాటలు చెప్పాలని కోరుతూ లోకనాథం వైపు చేయి చాచాడు.

ఇరవై రెండేళ్ళలో ఆ ఆఫీసులో అతనికి మైకు ఇవ్వడం అదే మొదలు. లోకనాథం ఒకసారి ఫోటో వంక చూశాడు, ఒకసారి మైకు వంక చూశాడు. కండువా సర్దుకున్నాడు. నలభై నిమిషాలు మాట్లాడాడు. అటువంటి నాయకుడు మళ్ళీ పుట్టడన్నాడు. ఆయన కన్న కలను బావమరిది గారు నెరవేర్చాలన్నాడు. ఆఖరున కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఏడవని మనిషి లేడు. లోకనాథం గురించి ఇంత చక్కగా ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదని పార్టీలో ఈనాటికీ చెప్పుకుంటారు.

ఇదమ్మా పేపర్లో రాని సగం. నేనున్నన్నాళ్ళూ నేను చెబుతాను. ఆ తరువాత నువ్వు గుర్తుపెట్టుకుని నీ పిల్లలకు చెప్పు. రింగులివ్వడం కాదు, ఇలాగే పక్కన కూర్చోబెట్టుకుని నోటితో చెప్పు.