నవ్వుతూ పొమ్మనే భాష

సోమవారం మా ఆఫీసులో చేయాల్సిన పనులివి: ప్రింటరుకు ఇంకు తెప్పించాలి. మేడమీద కారుతున్న కుళాయి బిగించాలి. గేటు దగ్గర వాచ్‌మన్ మామయ్యకు ఒక కుర్చీ వేయించాలి.

మా మేనేజరుగారు మీటింగులో మూడింటినీ టీ చల్లారేలోపే ముగించారు. మొదటిదానికి ‘నోటెడ్’. రెండోదానికి ‘లెట్స్ పార్క్ ఇట్’, అంటే ప్రస్తుతానికి పక్కన పెడదామని. మూడోదానికి ‘వుయ్ విల్ సర్కిల్ బ్యాక్’!

ఇంగ్లీషు ఎంత గొప్ప భాషో చూశారా?

మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాణ్ణి నేను. కాబట్టి ఈ సంగతి నలుగురికీ చెప్పడం నా బాధ్యత. తెలుగులో ఒక మనిషిని వదిలించుకోవాలంటే ఎంత శ్రమ! మొహం చిట్లించాలి, గొంతు పెంచాలి, మర్నాడు ఎదురుపడితే తల తిప్పుకోవాలి. ఇంగ్లీషులోనో? ‘గో ఫ్లై ఎ కైట్’ అంటే చాలు. వెళ్ళి గాలిపటం ఎగరేసుకోమని! ‘టేక్ ఎ హైక్’ అంటే అలా నాలుగు కొండలెక్కి రమ్మని! గెంటేస్తూ కూడా ఒంటికి గాలీ వ్యాయామమూ సూచించే భాష ఇంకెక్కడైనా ఉందా? ఈ మాటలు ఎలా పుట్టాయో గానీ, ఎవరో దయగల డాక్టరే పుట్టించి ఉంటాడని నా అనుమానం.

మా వాచ్‌మన్‌ని ఆఫీసంతా మామయ్య అనే పిలుస్తాం. మోకాళ్ళ నొప్పులతో నిలబడలేకపోతున్నాడు. మీటింగు అవగానే నన్ను పట్టుకున్నాడు.

“ఏమన్నారు బాబూ పెద్దాయన?”

“మళ్ళీ ఈ విషయానికొస్తామన్నారు మామయ్యా. అంటే... ఇక అడగొద్దని.”

“కసురుకున్నారా?”

“అబ్బే, నవ్వారు.”

“నవ్వుతూ ఎవడైనా కాదంటాడా? ఇచ్చేసినట్టే! ఇంత చదివావు, ఆమాత్రం తెలీదూ?”

ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చిపెడతానన్న కూతుర్ని కూడా ఆపేశాడు. “వాళ్ళు ఇస్తామంటుంటే మనం తెచ్చుకుంటే, వాళ్ళకెంత చిన్నతనమే!” అని మందలించాడట. అప్పటినుంచి నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ, గోడకు ఆనుకుని నిలబడుతున్నాడు. లోపలికొచ్చే ప్రతి డెలివరీ వ్యాను వంకా ఆశగా చూస్తున్నాడు.

అదే మేనేజరుగారు మొహం మీదే “కుదరదు, పోవయ్యా!” అని ఉంటే? మామయ్య ఆ పూటంతా తిట్టుకునేవాడు. మర్నాడు పొద్దున్నే కూతురు తెచ్చిన కుర్చీలో దర్జాగా కూర్చునేవాడు!

అయ్యా, అమ్మా, మీరూ ఎవరికో ఒకరికి కాదని చెప్పాల్సినవాళ్ళే. నోరారా చెప్పెయ్యండి. మర్యాద అడ్డొచ్చి నాలిక ఇంగ్లీషులోకి జారబోతుంటే, ఇంకా నిలబడే ఉన్న మా మామయ్యను ఒక్కసారి తలుచుకోండి.