గడప మీద ఈత

పిల్లలకి ఈత రావాలంటే ముందుగా కావలసింది నీళ్ళు కావు. గట్టు మీద నిలబడి అరిచే నాన్న!

నవ్వకండి. నీళ్ళదేముంది, ట్యాంకరుకి ఫోన్ చేస్తే వస్తాయి. కానీ నాన్న? తనకి ఈత రాకపోయినా ఈత గురించి సర్వం తెలిసిన నాన్న, బనీను తడవకుండా పతకం తేగల నాన్న, ఎన్ని జన్మల పుణ్యం ఉంటే దొరుకుతాడు?

ఈ విషయంలో గుంటూరు పిల్లలు పెట్టి పుట్టారు. నమ్మకం లేకపోతే పొద్దున్నే బ్రాడీపేట వెనకున్న స్విమ్మింగ్ పూల్‌కి వెళ్ళి చూడండి. నీళ్ళలో పిల్లలు డజను మంది ఉంటే గట్టు మీద పెద్దలు పాతిక మంది! ఒకాయన మెడలో రెండు స్టాప్‌వాచ్‌లు. కొడుకు వెనకబడితే ఒక వాచీ తప్పనడానికి రెండోది. ఒకావిడ బాదంపాల గ్లాసు పట్టుకుని, కొడుకు తల నీళ్ళ పైకి లేచినప్పుడల్లా వంగి నోటికి అందిస్తుంది. వాడు పాలు తాగుతున్నాడో, పూల్ తాగుతున్నాడో దేవుడికెరుక. ఒక డాక్టరు గారైతే టైల్స్ మీద బోర్లా పడుకుని బటర్‌ఫ్లై చేసి చూపించారు. పొట్ట మీద ముందుకీ వెనక్కీ ఊగారే గానీ, పాపం, మళ్ళీ లేవడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది.

ఇంతమంది గట్టు మీద ఈదుతుంటే నీళ్ళలో పిల్లలకి ఈత రాక చస్తుందా?

వీళ్ళందరిలోకీ మణిపూస వీరాంజనేయులు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. బస్తాల గుట్టకి అవతలున్న హమాలీని ఇవతల నుంచి పిలిచి పిలిచి పదునెక్కిన గొంతు ఆయనది. ఆయన "ఒరేయ్" అంటే యార్డులో సగం మంది పని ఆపేస్తారు. మిగతా సగం మంది లెక్క మర్చిపోతారు.

ఆయన కూతురు శ్రీదివ్య ఎనిమిదో తరగతి. ఆ పిల్లకి ఒకటే కోరిక. జిల్లా సెలెక్షన్స్‌లో ఎనిమిది వందల మీటర్లు ఈదాలి. పేరు పంపాల్సింది కోచ్ జక్రయ్య. ఆయన ఒక షరతు పెట్టాడు.

"నీ థ్రెషోల్డ్ పేస్ ఏదో నాకు కనపడాలి దివ్యా. ఆగకుండా, ఆయాసంతో చెడిపోకుండా అరగంట సేపు లాగగలిగిన వేగాల్లో అన్నిటికంటే గట్టిది. అంతకంటే తగ్గితే బద్ధకం. అంతకంటే పెంచితే కాసేపటికి చేతులు రాళ్ళైపోతాయి. శనివారం లోపల ఒక్కసారి, మొదట్లో ఎలా ఈదావో చివర్లోనూ అలాగే ఈది చూపించు. పేరు పంపిస్తా."

పిల్లకి అర్థమైపోయింది. పిల్లకి అర్థమైతే సరిపోతుందా? నాన్నకి అర్థం కావద్దూ?

వీరాంజనేయులు ఇంటికెళ్ళి ఆ మాటని ఫోన్లో కొట్టాడు. థ్రెషోల్డ్ అంటే 'గడప' అంది ఫోను.

"గడప మీద ఈతేమిట్రా?" అంది వాళ్ళమ్మ వెంకాయమ్మ, మిరపకాయల తొడిమలు తీస్తూ.

"మెల్లగానూ కాకుండా, జోరుగానూ కాకుండా గడప మీదే ఉండాలంటాడమ్మా ఆ జక్రయ్య."

వెంకాయమ్మ చేతిలో కాయ కింద పడింది. "గడప మీద నిలబడితే లక్ష్మి ఇంట్లోకి ఎట్లా వస్తదిరా! లోపలికన్నా రావాలి, బయటికన్నా పోవాలి. ఆడపిల్లని పట్టుకెళ్ళి గడప మీద నిలబెడతాడా? వాళ్ళింట్లో చెప్పే పెద్దవాళ్ళు లేరా?"

అంతే! వీరాంజనేయులు బుర్రలో బల్బు వెలిగింది. గడప మీద నిలబడకూడదు. నిలబడకూడదంటే ఏం చెయ్యాలి? దాటెయ్యాలి!

చూశారా? కోచ్‌లు ఏళ్ళ తరబడి కిందా మీదా పడినా తేలని సంగతి, మన గుంటూరులో ఒక తల్లీ కొడుకూ తొడిమలు తీస్తూ తేల్చేశారు.

మర్నాడు పొద్దున వెంకాయమ్మ కూడా పూల్‌కి వచ్చింది. మనవరాలు దూకే చోట గట్టుకి నిండా పసుపు రాసి, వరసగా కుంకుమ బొట్లు పెట్టింది.

"మామ్మగారూ, అది నీళ్ళలోకి జారితే ఫిల్టరు పాడైపోద్దండీ," అన్నాడు జక్రయ్య.

"ఉండు నాయనా, దానికీ పెడతా," అంది వెంకాయమ్మ.

శ్రీదివ్య దూకింది. మొదటి రెండు మూడు రౌండ్లు చక్కగా సాగాయి. ఊపిరి కోసం మొహం కుడివైపు తిప్పింది. కుడివైపు గట్టు మీద నాన్న!

"దాటు! గడప దాటు! దాటమంటుంటే!"

పిల్ల చేతుల జోరు పెంచింది. మళ్ళీ ఊపిరికి తిరిగింది. "ఇంకా గడప మీదే ఉన్నావు! దాటూ!" ఇంకా పెంచింది. కాసేపటికి పూల్ మధ్యలో తాడు పట్టుకుని వేలాడింది. పెదాలు తెల్లబడ్డాయి.

జక్రయ్య నిట్టూర్చాడు. "కళ్ళంలో కాయకి ఎండ మితిమీరితే ఏమవుద్దండీ?"

"తెల్లబడుద్ది. తాలు కింద తీసేస్తాం."

"మీ అమ్మాయి మొహం చూడండి."

వీరాంజనేయులు చూశాడు. చూసి, తను ఇంకాస్త గట్టిగా అరిచి ఉండాల్సిందని బాధపడ్డాడు. బాధ్యత గల తండ్రి అంటే అదీ!

రెండోసారీ అంతే. మళ్ళీ తాడే దిక్కయింది. ఆ రోజు స్కూటర్ మీద ఇంటికి వెళ్తుంటే శ్రీదివ్య వెనక నుంచి మెల్లగా అడిగింది.

"నాన్నా, శనివారం నువ్వు బయట కూర్చోవా?"

"బయట కూర్చుంటే నిన్ను దాటించేదెవరే?"

"నాకు గడప మీదే బాగుంటుంది నాన్నా. అక్కడుంటే చేతులు వాటంతటవే ఆడతాయి. ఎంతసేపైనా ఈదొచ్చు అనిపిస్తుంది."

"బాగుండటానికా నిన్ను స్విమ్మింగులో చేర్పించింది?" అన్నాడు వీరాంజనేయులు. ఎంత గొప్ప ప్రశ్న! ప్రతి స్విమ్మింగ్ పూల్ గేటు మీదా రాయించి పెట్టాల్సిన ప్రశ్న.

శనివారం వచ్చింది. ఇదే ఆఖరి ఛాన్సు. శ్రీదివ్య కళ్ళద్దాలు సర్దుకుని దూకింది. వీరాంజనేయులు కుడి గట్టు మీద గొంతు సవరించుకున్నాడు.

పిల్ల ఊపిరికి తిరిగింది. ఎడమవైపు!

"దాటు!" అని అరిచాడు. ఆ అరుపు టోపీకి తగిలి నీళ్ళలో పడింది. కూతురి మొహం కోసం చూశాడు. తల వెనక భాగం కనిపించింది. అవతలి గోడ తాకి వెనక్కి వచ్చేటప్పుడు, ఎడమవైపు ఊపిరి తీసుకుంటే నాన్నే కనపడాలి కదా? ఈసారి కుడివైపు తీసుకుంది. మళ్ళీ తల వెనక భాగమే.

సరే, వదుల్తాడా? పూల్ చుట్టూ తిరిగి అవతలి గట్టుకి పరిగెత్తాడు. దారిలో అమ్మ ఆ పొద్దున కూడా రాసిన పసుపు మీద కాలేసి సర్రున జారాడు. లేచాడు. అవతలికి చేరాడు. కూతురు ఇవతలికి తిరిగి ఊపిరి తీసుకుంటోంది. ఇవతలికి పరిగెత్తాడు. అది అవతలికి తిరిగింది. మూడో చుట్టుకి ఆయన రొప్పుతూ, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మాట రాక నిలబడిపోయాడు. ఇక పూల్‌లో కూతురి చేతులు నీళ్ళని కోస్తున్న చప్పుడే. ఒక్కటే దరువు. మొదట ఎలా ఉందో అలాగే.

అరగంట అయ్యాక జక్రయ్య వాచీ నొక్కాడు. "గడప దొరికిందండీ," అన్నాడు. "పేరు ఇప్పుడే పంపిస్తా."

వీరాంజనేయులికి ఊపిరి అందగానే గొంతూ అందింది. గట్టు మీదున్న తండ్రులందరి వైపూ తిరిగాడు.

"చూశారా? రెండు వైపులా ఊపిరి తీసుకోవడం! పెద్ద పెద్ద ఈతగాళ్ళకే ఓ పట్టాన అలవడదంట. మా అమ్మాయికి ఎవరు నేర్పారనుకున్నారు?"

అబద్ధం కాదు. ఆయనే నేర్పాడు.

తువ్వాలు కప్పుకుని వచ్చిన కూతుర్ని పొంగిపోతూ అడిగాడు. "నా అరుపులు బాగా పనిచేశాయి కదమ్మా?"

శ్రీదివ్య చెవిలో నీళ్ళు దులుపుకుంది.

"అరిచావా నాన్నా? ఎప్పుడు?"

కాబట్టి తండ్రులారా, పూల్ దగ్గరే ఆగిపోకండి. పదో తరగతి గట్టు మీద అరవండి. ఇంటర్ గట్టు మీద అరవండి. ఉద్యోగం, పెళ్ళి, ఏ గట్టూ వదలకండి. మీ పిల్లలకీ ఈ విద్య తప్పకుండా వచ్చేస్తుంది. ఊపిరి ఆడాలంటే మొహం ఎటు తిప్పుకోవాలో ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటారు.

మనం లేని వైపు.