మా లేఅవుట్ ఫ్లెక్సిబుల్!

తిరుపతిరావు మీద నాకు కోపం ఉందని గవర్నర్‌పేటలో ఎవరో పుకారు పుట్టించారు. అబద్ధం! అతను నన్ను ముంచిన మాట నిజమే. కానీ లోకానికి చేసిన మేలు ముందు అదెంత? సాగే వెబ్ పేజీని మన జిల్లా జనానికి చూపించినవాడికి బెజవాడ బస్టాండు ఎదురుగా విగ్రహం పెట్టాలి. ఆ విగ్రహం కూడా చూసేవాడి కళ్లజోడును బట్టి లావూ సన్నమూ అవుతుండాలి!

తెలియనివాళ్ల కోసం చెబుతాను. వెబ్ పేజీలు రెండు రకాలు. ఫిక్స్‌డ్ లేఅవుట్ అంటే, ఒకసారి పెట్టిన వెడల్పు మళ్లీ మారదు. పెద్ద మానిటర్లో చూస్తే పక్కన చోటు ఖాళీగా పడి ఉంటుందే తప్ప పేజీ మాత్రం కదలదు. మొండిఘటం! ఫ్లెక్సిబుల్ లేఅవుట్ అలా కాదు. తెర ఎంత వెడల్పుంటే అంతకీ సాగుతుంది. మంచి మనసున్న పేజీ.

ఎనిమిదో తరగతితో బడి మానేసిన నాకు ఇదంతా ఎలా తెలిసిందంటారా? ఫీజు కట్టి నేర్చుకున్నాను. ఎంత ఫీజో చివర్లో చెబుతాను.

అసలు మనకి మారని కొలతలు ఎందుకండీ? సిటీ బస్సులో ఇద్దరి సీటు ముగ్గురికి సాగడం లేదా? "కాస్త సర్దుకోండి" అంటే నాలుగోవాడి సగానికి కూడా సాగుతుంది! జూన్‌లో కాలువకి వదులుతామన్న నీళ్లు జూలై దాకా సాగడం లేదా? అరగంట కరెంటు కోత మధ్యాహ్నమంతా సాగితే మనమేమన్నా ఉరేసుకుంటున్నామా? సభలో "రెండు మాటలు చెప్పి ముగిస్తాను" అన్న పెద్దమనిషి రెండు మాటలే చెప్పి ముగించగా ఎవరైనా చూశారా? మన బతుకంతా ఫ్లెక్సిబుల్‌గా ఉంటే కంప్యూటర్ ఒక్కటీ బిర్రబిగుసుకుని కూర్చోవాలా?

నేనే పాతకాలపు మనిషిని. నాది ఫొటో ఫ్రేముల కొట్టు. పాతికేళ్లుగా పటాన్ని కొలిచి, దానికి తగ్గట్టు చెక్క కోస్తున్నాను. ఫ్రేము పెద్దదైపోయిందని వెంకటేశ్వరస్వామిని పక్కలకి లాగిన పాపాన ఒక్కనాడూ పోలేదు. ఎంత వెనకబడి ఉన్నానో చూడండి!

పామర్రు దాటాక, కూచిపూడి వెళ్లే రోడ్డు వారన నాకు పన్నెండు వందల గజాల మెరక స్థలం ఉండేది. రోడ్డు వైపు నూట ఎనభై అడుగులు, లోతు అరవై. ముప్పై అడుగుల చొప్పున ఆరు ప్లాట్లు గీయించాను. అయిదు అమ్మి, ఆ డబ్బుతో ఆరోదాంట్లో ఇల్లు కట్టుకోవాలని ఆశ. ఇరవై రెండేళ్లుగా కొట్టు పైన అద్దె గదిలో పొయ్యి ఊదుకుంటున్న మా ఆవిడ శివపార్వతి, ఆరో ప్లాటులో వంటిల్లు ఎక్కడొస్తుందో అడుగులేసి చూసుకుని, దాని వెనకాల కరివేపాకు మొక్క కూడా నాటేసింది.

అది రెండువేల మూడో సంవత్సరం. అమ్మేవాడికల్లా వెబ్‌సైట్ ఉండాల్సిందేనన్న రోజులు. మా పక్క మేడ మీద వెబ్ డిజైనింగ్ ఆఫీసు పెట్టిన తిరుపతిరావు దగ్గరికి ప్లాను పట్టుకుని వెళ్లాను.

"బాబాయ్ గారూ, లేఅవుట్ ఫిక్స్‌డ్ పెట్టమంటారా, ఫ్లెక్సిబుల్ పెట్టమంటారా?" అన్నాడు.

మీరే చెప్పండి. మన వైపు లేఅవుట్ అంటే ఏమిటి? పొలంలో రాళ్లు పాతి, ఎర్రమట్టి రోడ్డు పోసి, ప్లాట్లు వేయడమే కదా! వెబ్ పేజీకి కూడా లేఅవుట్ ఉంటుందని నా పన్నెండు వందల గజాల మీద ఒట్టు, నాకు తెలియదు.

"ఫిక్స్‌డ్ అంటే పార్టీ భయపడి పోద్దయ్యా. ఫ్లెక్సిబులే పెట్టు. వచ్చినవాణ్ణి బట్టి మనం సర్దుకుందాం" అన్నాను. అక్కడితో ఆగానా? 'మా లేఅవుట్ ఫ్లెక్సిబుల్!' అని మొదటి పేజీలో మిణుకు మిణుకుమనే ఎర్రక్షరాలతో వేయించాను.

"ప్లాను కింద 'స్కేలు: అంగుళానికి ఇరవై అడుగులు' అని ఉంది బాబాయ్ గారూ, తీసేస్తా" అన్నాడు.

"కొలత లేకపోతే అది ప్లాను ఎట్టా అవుద్దయ్యా? ఉంచు!" అని గద్దించాను.

మా కొట్లో బిల్లుల కోసం పెట్టిన పద్నాలుగు అంగుళాల మానిటర్ మీద టేపు పెట్టి నేనే స్వయంగా కొలిచాను. ఒక్కో ప్లాటు ఒకటిన్నర అంగుళం. అంటే ముప్పై అడుగులు. వెంట్రుకవాసి తేడా లేదు!

కైకలూరు వైపు చేపల వ్యాపారి కాశీరావు ఆ పేజీని బెంజి సర్కిల్ దగ్గర నెట్ సెంటర్లో చూశాడు. తనకీ నలుగురు తమ్ముళ్లకీ కలిపి అయిదు ప్లాట్లూ తీసుకున్నాడు. అగ్రిమెంటులో 'ఇంటర్నెట్‌లో చూపిన లేఅవుట్ ప్రకారం' అన్న ముక్క నేనే చెప్పి రాయించాను. దర్జాగా ఉంటుందని!

రాళ్లు పాతే రోజున కాశీరావు టేపు ముప్పై అడుగుల దగ్గర ఆగలేదు.

"ముప్పై ఆరు కదండీ?" అన్నాడు.

"ముప్పయ్యే!" అన్నాను.

"స్కేలు పెట్టి చూసుకున్నానండీ. కాటా మీద చేప తోక లాగి తూకం పెంచే రకం కాదు నేను. మీరు చూపించిందే అడుగుతున్నా."

పెద్దమనిషిగా పామర్రు రత్తయ్య గారిని కూర్చోబెట్టాం. ఆయన అందరినీ ఆ నెట్ సెంటర్‌కే తీసుకెళ్లాడు. అక్కడిది పదిహేడు అంగుళాల మానిటర్. పేజీ, దాంతోపాటు మా ప్లానూ, ఆ చివర నుంచి ఈ చివర దాకా హాయిగా కాళ్లు చాపుకుని ఉన్నాయి. ఆయన బడిపిల్లల స్కేలు ఒకటి తెప్పించి అద్దం మీద ఆనించాడు.

"ఒక్కో ప్లాటు అంగుళం మీద ఎనిమిది గీతలుందయ్యా సంజీవరావూ. పది గీతలకి అంగుళం. ముప్పై ఆరు అడుగులే!"

"మా కొట్లో ముప్పయ్యేనండీ! కావాలంటే ఆటోలో వేసుకుని మానిటర్ తెస్తా!"

"కొన్నవాడు చూసిన తెరే తెర. అయినా నువ్వే ఎర్రక్షరాల్లో కొట్టించావుగా, మా లేఅవుట్ ఫ్లెక్సిబుల్ అని! ఇంకా పంచాయితీ ఏంటి? సినిమాహాల్లో వేసుకుని చూడలేదు, సంతోషించు. పామర్రు సెంటర్ దాకా రాసిచ్చేవాడివి!"

లోతు మాత్రం అరవై అడుగులే వచ్చింది. పేజీ పక్కలకే సాగుతుందట. ఆ మేరకు నేను అదృష్టవంతుణ్ణి!

అయిదు ముప్పై ఆర్లు ఎంత? నూట ఎనభై. ఈ లెక్కకి ఎనిమిదో తరగతి చాలు.

అయిదో ప్లాటు ఆఖరి రాయి సరిగ్గా నా స్థలం అవతలి హద్దు మీదే పడింది. కరివేపాకు మొక్క కాశీరావు ప్లాటులో ఉండిపోయింది.

"మొక్క పీకనులే అక్కగారూ. ఆకు కావాల్సినప్పుడు వచ్చి కోసుకెళ్లండి" అన్నాడు పాపం, మర్యాదస్థుడు.

బస్సు పామర్రు దాటాక శివపార్వతి నన్ను అడిగింది: "ఏవండీ, మన వంటిల్లు ఎన్ని అంగుళాల టీవీలో కనబడుద్దండీ?"

మర్నాడు తిరుపతిరావు ఆఫీసుకి వెళ్లాను. కొట్టడానికి కాదు, అభినందించడానికే. అతని సొంత వెబ్‌సైట్ తెర మీద ఉంది. చుట్టూ బోలెడు చోటు ఖాళీగా ఉన్నా, పేజీ మాత్రం మధ్యలో బిగదీసుకుని కూర్చుని ఉంది.

"ఇదేంటయ్యా, సాగలేదే?"

"నాది ఫిక్స్‌డ్ బాబాయ్ గారూ! ఎవడు ఏ తెర మీద చూసినా మనది చెక్కుచెదరకూడదు కదా!"

కోపం లేదన్నానుగా? లేదు. సాగే పేజీ వల్ల అయిదు కుటుంబాలు తలా ఆరడుగులు విశాలంగా బతుకుతున్నాయి. ఇంతకంటే లోకకల్యాణం ఏముంటుంది?

ఫీజు చెబుతానన్నాను. రోడ్డు వైపు ముప్పై అడుగులు, లోతు అరవై. రెండు వందల గజాలు.

ఇది మాత్రం ఏ మానిటర్ మీద కొలిచినా అంతే వస్తోంది. ఫిక్స్‌డ్!