కుట్టుమిషను బూగీ

1947 ఏప్రిల్‌లో అలబామా రాష్ట్రం, క్లోవర్ బెండ్ పట్టణ పెద్దలు నడుమును నిషేధించారు. తీర్మానంలో ఆ మాట లేదు లెండి, సభ్యత అడ్డొచ్చింది. "మెడకు దిగువన, మోకాలికి ఎగువన సంగీత కారణంగా సంభవించు చలనములు" అని మాత్రమే ఉంది. ఈ చట్టం పుట్టడానికి కారకుడు డెల్మర్ స్ప్రాడ్లిన్ అనే సెలూన్ యజమాని.

డెల్మర్ పగలు గడ్డాలు గీసేవాడు, పొద్దు వాలాక గిటారు మీటేవాడు. ఊళ్ళో తక్కిన గిటార్ల మీద పలికే పాటలు పోయిన తల్లి, పోయిన ప్రియురాలు, పోయిన కుక్క అనే వరసలో సాగేవి. డెల్మర్ పాటలో ఎవరూ పోయేవారు కారు. పైగా కూర్చున్నవాళ్ళు లేచేవారు. ఆ దరువు పేరు బూగీ.

అది అతనికి రైలు పట్టాల అవతల నల్లవాళ్ళ పేటలో దొరికింది. అక్కడొక సారాకొట్టులో ఎజ్రా పెట్‌వే అనే పెద్దాయన పియానో వాయించేవాడు. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చోరాదని చట్టం. చట్టానికి విధేయుడైన డెల్మర్ వంటింటి కిటికీ కింద నక్కి వినేవాడు. ఒకనాడు ఎజ్రాయే తల బయటికి పెట్టాడు.

"కిటికీలోంచి వింటే సగమే వస్తుందిరా. లోపలికి రా, మొత్తం దొంగిలించుకుపో."

లోపల అతను నేర్పిన శాస్త్రం చిన్నదే. "ఎడమ చెయ్యి రైలింజను. దాని పాటికి అది పోతూనే ఉంటుంది. కుడి చెయ్యి టిక్కెట్టు లేని తాగుబోతు. ఏ పెట్టెలో ఎక్కుతాడో వాడికే తెలీదు." ఇద్దరే ఉన్నప్పుడు ఎజ్రా అతన్ని ఒరే అనేవాడు. వీధిలో ఎదురైతే టోపీ తీసి మీరు అనేవాడు. వయసులో తండ్రంతటి మనిషి చేత మీరు అనిపించుకోవడం డెల్మర్‌కు కొంచెం ఇబ్బందిగానే ఉండేది. అయితే ఊళ్ళో అందరికీ ఉన్న ఇబ్బందే గదా అని సర్దుకున్నాడు.

నిషేధం వచ్చిన వారమే పాస్టర్ థర్మన్ హాలిస్ బూగీ మీద ప్రసంగించారు. పాపాన్ని గుర్తుపట్టలేకపోతే తప్పించుకోలేం కనక, ఆ నాట్యం ఎలా ఉంటుందో వేదిక మీద స్వయంగా చేసి చూపించారు. అంతవరకూ సంగతి తెలియని పిల్లలకు కూడా అడుగులు వచ్చేశాయి. తరవాతి ఆదివారం చర్చి కిక్కిరిసింది. ఆపై ఆదివారం, పాస్టర్ గారు ఆ పాపమే మరోసారి ఖండించాలని వెనక బెంచీలవాళ్ళు కోరారు.

ఇంత జనాన్ని పోగుచేసే పాపం వృథా కాకూడదని ఒక పిండి కంపెనీ ముందుకొచ్చింది. దాని మేనేజరు క్లైడ్ ఫెల్టన్ రేడియోలో పొద్దుటి కార్యక్రమం డెల్మర్‌కు ఇచ్చాడు. గడ్డి టోపీ, మాసికల ప్యాంటు, ఉత్త కాళ్ళు నియమం. రేడియోలో కాళ్ళెవరికీ కనపడవని డెల్మర్ మనవి చేశాడు. తను నాగలి పట్టి ఎరగనని కూడా చెప్పాడు.

"నిజంగా దున్నేవాడికి పాడే ఓపికెక్కడిదయ్యా?" అన్నాడు ఫెల్టన్. "అందుకే రైతు ఉద్యోగం నీకిచ్చాం."

త్వరలోనే "కుట్టుమిషను బూగీ" అనే రికార్డు వచ్చింది. అందులో పియానో ఎజ్రాది. రికార్డు మధ్య అంటించిన కాగితం చిన్నది కావడంతో అతని పేరుకు చోటు చాలలేదు. పిండి కంపెనీ పేరుకూ, పిండి సుగుణాలకూ, ఒక కంచరగాడిద బొమ్మకూ చోటు సరిపోయింది. డెల్మర్ నోరు తెరిచాడు. వచ్చే రికార్డుకు కాగితం పెద్దది వేయిస్తామన్నారు. డెల్మర్ నోరు మూశాడు.

రికార్డు దేశమంతటా మోగింది. ఈ సంగీతం ఎక్కడిదని పత్రికలవాళ్ళు అడిగారు. డెల్మర్ గొంతు సవరించుకునే లోపే ఫెల్టన్ జవాబిచ్చాడు: అత్తగారి కుట్టుమిషను చప్పుడు వినీ వినీ అబ్బిన విద్య అది. డెల్మర్‌కు పెళ్ళి కాలేదు. ఆ లోపాన్ని కంపెనీ ఒక్క మధ్యాహ్నంలో సవరించింది. పెళ్ళి చేసి కాదు, అత్తగారిని నియమించి. వెల్మా క్రుక్ అనే ఆవిడ పూర్వాశ్రమంలో డేరా నాటకాల నటి. ఆవిడ వేదిక మీద మిషను తొక్కుతుంటే జనం కళ్ళు తుడుచుకునేవారు. ఆడవాళ్ళు చిరిగిన గౌన్లు తెచ్చి కుట్టించుకుపోయేవారు.

"నాకు కూతురు లేకపోవడం నీ అదృష్టం. ఉన్నా నీకిచ్చేదాన్ని కాదనుకో," అనేది ఆవిడ తెర వెనక.

1950లో క్లోవర్ బెండ్ తన ముద్దుబిడ్డను సన్మానించ తలపెట్టింది. పాత తీర్మానం అలాగే ఉంచి, "స్థానికుల చలనములకు మినహాయింపు" అని ఒక ముక్క చేర్చారు. మైదానం మధ్య ఒక తాడు కట్టారు. ఇవతల కుర్చీలు, అవతల నల్లవాళ్ళు నిలబడే చోటు. జడ్జి రాన్సమ్ టటిల్ ఉపన్యసించారు.

"సోదర సోదరీమణులారా, ఈ దరువు మన మట్టిలో మొలిచింది. మన తాతల రక్తంలో మోగింది. దీనిలో పరాయి చుక్క ఒక్కటి కలిసిందని రుజువు చేయండి, నా పదవికి రాజీనామా ఇస్తాను."

తాడు అవతల ఎజ్రా టోపీ చేత్తో పట్టుకుని శ్రద్ధగా వింటున్నాడు. వేదిక మీద నుంచి డెల్మర్‌కు అతని మొహం కనిపించింది. దాంట్లో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండునని డెల్మర్‌కు అనిపించింది. లేచి మైకు దగ్గరకు వెళ్ళాడు.

"ఇది నా సంగీతం కాదు. నాకు అత్తగారు లేరు. నాకు నేర్పింది అదిగో, అక్కడ నిలబడ్డ ఎజ్రా పెట్‌వే గారు."

అప్పుడెవరో "గారట!" అన్నారు. అంతే, జనం విరగబడి నవ్వారు. పాస్టర్ గారు పొట్ట పట్టుకున్నారు. వెల్మా అలిగినట్టు నటించి ఇంకా నవ్వించింది. మన వాడికి ఎంత వినయమో, అంత హాస్యమని పత్రికలు రాశాయి.

సభ అయ్యాక డెల్మర్ తాడు దాటి వెళ్ళాడు. "చెప్పాను గదా, ఎవరూ నమ్మలేదు," అన్నాడు.

"ఇన్నాళ్ళు అబద్ధమాడి ఒక్క నిమిషం నిజం చెబితే నవ్వక ఏం చేస్తార్రా?"

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"నవ్వు ఆగేదాకా చెప్పు."

డెల్మర్ ప్రతి ఊళ్ళోనూ చెప్పాడు. మొదట్లో నవ్వారు. పోను పోను నవ్వు తగ్గింది, సభలూ తగ్గాయి. చివరికి కంపెనీ అతన్ని తీసేసి అత్తగారిని మాత్రం ఉంచుకుంది. అతను సెలూన్‌కు తిరిగొచ్చి, గడ్డానికి కూర్చున్న ప్రతివాడికీ ఎజ్రా కథ మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. గొంతు మీద కత్తి ఉండగా ఒక్కరూ నవ్వలేదు.

ఐదేళ్ళు గడిచాక అదే దరువును ఇంకాస్త జోరుగా వాయించే కుర్రకారు బయల్దేరారు. ఊరి ఆడపిల్లలు మైమరచి కేకలు పెట్టసాగారు. సంస్కృతి పరిరక్షణ సంఘం వెలిసింది. ఈ కొత్త మోతకూ మన సంగీతానికీ ఏ సంబంధమూ లేదని డెల్మర్ చేత సంతకం పెట్టించడానికి జడ్జి టటిల్ స్వయంగా వచ్చారు. పనిలో పనిగా గడ్డం గీయించుకుందామని కుర్చీలో కూర్చున్నారు.

నురగ పూస్తూ డెల్మర్ అడిగాడు. "మరి ఇదెక్కడ్నుంచి వచ్చిందంటారు, జడ్జిగారూ?"

"ఎక్కడ్నుంచేమిటయ్యా? పట్టాల అవతల నుంచి. ఆ పెట్‌వే లాంటివాళ్ళ దగ్గర్నుంచి. ఊళ్ళో పసిపిల్లాణ్ణడిగినా చెబుతాడు."

డెల్మర్ గడ్డం గీయడం ముగించి కత్తి తుడుచుకున్నాడు. సంతకం పెట్టలేదు. అందువల్ల సంఘం నిషేధించిన పాటల్లో అతనివీ చేరాయి. జడ్జిగారు రాజీనామా సంగతి మరిచిపోయారు. సంఘానికి వారే అధ్యక్షులయ్యారు.

క్లోవర్ బెండ్‌లో ఏ పాట ఎవరిదో తేల్చడానికి పండితులు అక్కర్లేదు. ఊరు మెచ్చుకున్నన్నాళ్ళూ అది ఊరిది. తిట్టడం మొదలుపెట్టిన రోజున అసలు యజమాని పేరు అందరికీ జ్ఞాపకం వస్తుంది. మీ ఊళ్ళో ఇలాంటివేవీ జరగవని విన్నాను. చాలా సంతోషం.