మంచుసెలవు నాటి బుద్ధిమంతులు

మంచు కురిసినంత మాత్రాన చదువు ఆగరాదని ఓహైయో రాష్ట్రంలోని బ్రిండల్ ఫాల్స్ పట్టణ విద్యామండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇకమీదట మంచుకు బడి మూసేసే మంచుసెలవు నాడు పిల్లలు ఇళ్ళల్లోనే ల్యాప్‌టాప్‌ల ముందు కూర్చుని పాఠాలు వింటారు. సెలవు అన్న పేరును మాత్రం మండలివారు పెద్ద మనసుతో అలాగే ఉంచారు.

బాల్యమంటే ఈ ఊరికి ప్రాణం. చేతితొడుగులతో కబుర్లాడుతూ మంచులో సామ్రాజ్యాలు జయించే డాటీ అనే పిల్ల గురించిన బొమ్మల కథ ఈ ఊళ్ళోనే పుట్టింది. ఆదివారం పేపర్లో అది చదివి పెద్దలందరూ ఒకసారి నిట్టూర్చి, "పిల్లలంటే అలా ఉండాలి!" అనుకుని కాఫీ కప్పు కింద పెడతారు. విద్యామండలి కార్యాలయం ముందు మంచుబండి మీద దూసుకుపోతున్న డాటీ కంచు విగ్రహం కూడా ఉంది. పిల్లలు ఎక్కకుండా చుట్టూ కంచె వేశారు.

ఈ ఊళ్ళో మార్నీ కోవాచ్‌కి మొన్ననే ఎనిమిదేళ్ళు నిండాయి. ఇది సామాన్యమైన సంగతి కాదు. నీళ్ళ ట్యాంకు వెనక కొండ మీద ఎనిమిది నిండనివాళ్ళు మంచుబండ్లలో సగం నుంచే జారాలి, నిండినవాళ్ళే శిఖరం నుంచి. ఈ చట్టం ఎవరు చేశారో తెలియదు గానీ, దేశ రాజ్యాంగం కన్నా దానికే మర్యాద ఎక్కువ. తీరా వయసొచ్చేసరికి మంచు మొహం చాటేసింది. అందుకని మార్నీ ఊరి సంప్రదాయం ప్రకారం రాత్రి పైజమా తిరగేసి తొడుక్కుంది, దిండు కింద చెంచా పెట్టుకుంది, ఫ్రిజ్‌లోని ఐసుముక్కలు కమోడ్‌లో వేసి నీళ్ళు వదిలింది. మంచు పడాలంటే ఇంతకు మించిన శాస్త్రీయ పద్ధతి ఇంతవరకూ కనిపెట్టలేదు.

తెల్లారేసరికి మోకాలి లోతు మంచు! మర్నాడు ఎండ కాసి అంతా కరిగిపోతుందని రేడియో కూడా చెప్పింది. అంటే జారితే ఇవాళే జారాలి.

"ఎక్కడికే ఆ బూట్లు? లాగిన్ అవ్వు," అంది వాళ్ళమ్మ డెనీస్, తన ఆఫీసు మీటింగు కోసం హెడ్‌ఫోన్లు తగిలించుకుంటూ.

"అమ్మా, ఇవాళ సెలవు కదా!"

"అవును తల్లీ, సెలవే. ఆలస్యం చెయ్యకు, మిస్ టాల్‌బట్ హాజరు తీసుకుంటుంది."

ఆనాటి పాఠం పేరు 'బాల్యం, ఊహాశక్తి'. తెర మీద డాటీ కొండ మీంచి జారుతోంది. ఆమె ఆనందానికి ఐదు కారణాలు రాయాలి. కెమెరా వేసి ఉంచాలి, మైకు ఆపి ఉంచాలి, కదలరాదు, కిటికీలోంచి చూడరాదు.

మార్నీ ఎడమ చేతితొడుగు మెల్లిగా అంది: "కదలకుండా, మాట్లాడకుండా ఉండేవాడు నాకొకడు తెలుసు."

"అమ్మ చంపేస్తుంది," అంది కుడి తొడుగు. అది పుట్టు పిరికిది.

కాసేపటికి వెనక వరండా కుర్చీలో ఒక మంచుబొమ్మ, తలకు మార్నీ టోపీ, మెడకు మార్నీ మఫ్లరుతో, ల్యాప్‌టాప్ ముందు బుద్ధిగా కూర్చుంది. నిబంధనల్లో ఒక్కటి కూడా అది ఉల్లంఘించలేదు. పక్కింటి ఏవరీ గోడ మీంచి చూసి, "ఓసి నీ తెలివి తగలెయ్య!" అని లోపలికి పరుగెత్తాడు. మధ్యాహ్నం లోపు క్లాసంతా మంచుబొమ్మలే. తెర మీద గోరంత గళ్ళల్లో ముఖాలు కొంచెం పాలిపోయినట్టు కనిపించినా, చలికి కాబోలనుకుంది మిస్ టాల్‌బట్. ఇంత శ్రద్ధగల క్లాసు ఆమె ఉద్యోగ జీవితంలోనే ఎరగదు.

ఆమె పిలిచి చూపిస్తే విద్యాధికారి డాక్టర్ ప్రూట్ చలించిపోయి ప్రసంగించారు.

"ప్రియమైన విద్యార్థులారా! మీ కళ్ళల్లో నాకు రేపటి పౌరులు కనిపిస్తున్నారు. ఒక్కరూ అల్లరి చెయ్యరు, ఒక్కరూ ప్రశ్న వెయ్యరు. ఇదే నిజమైన ఊహాశక్తి!"

ఒక బొమ్మ తల ముందుకు ఒరిగి ముక్కు ఊడి కింద పడింది. వినయంతో తల వంచిందనుకుని ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

అప్పటికి అసలు మార్నీ శిఖరం మీద తన ఎర్ర మంచుబండిలో కూర్చుని ఉంది. కింది నుంచి చూసిన కొండ వేరు, పై నుంచి చూసే కొండ వేరు. "ఇంటికి పోదాం," అంటోంది కుడి తొడుగు. సరిగ్గా అప్పుడే కొండ కింద డెనీస్ ప్రత్యక్షమైంది. టొమాటో సూపు తీసుకుని కూతురి దగ్గరికొస్తే అక్కడ కూతురికి క్యారెట్ ముక్కు ఉంది మరి.

"మార్నీ ఎలిజబెత్ కోవాచ్!"

ఈ దేశంలో అమ్మ పూర్తి పేరు పెట్టి పిలిచిందంటే మూడిందన్నమాటే. "ఈ క్షణం దిగి రా కిందికి!"

మార్నీ అమ్మ మాట జవదాటే పిల్ల కాదు. దిగింది. గాలి చెవుల్లో ఈలలు వేసింది, కొండ, ఆకాశం, నీళ్ళ ట్యాంకు కలగలిసిపోయాయి, రెండు తొడుగులూ ఏకకంఠంతో కేక పెట్టాయి. పుట్టినప్పటి నుంచీ ఇంత ఆనందం ఆ పిల్ల ఎరగదు. అడ్డు తప్పుకోవడం మరిచిన డెనీస్ బండిలోనే కూలబడి, ఇద్దరూ కలిసి పొదల దాకా పోయి ఆగారు.

డెనీస్ నోట్లోంచి మంచు ఉమ్మేసింది. కూతుర్ని ఉరిమి చూసి, బండిని కొండవైపు తిప్పింది.

"ఎనిమిది దాటినవాళ్ళందరూ పై నుంచి జారొచ్చు కదూ?"

ఆ సాయంత్రం దాకా డెనీస్ ఆఫీసు మీటింగులో కూడా ఒక మంచుబొమ్మే కూర్చుంది. ఇన్నాళ్ళకు ఈమెకు జట్టుగా పనిచెయ్యడం అబ్బిందని మేనేజరు మెచ్చుకున్నాడు.

మర్నాడు ఎండ కాసింది. ఆదర్శ విద్యార్థులంతా కాలవల్లో కలిసిపోయి, బడికి మామూలు పిల్లలు వచ్చారు. కదులుతున్నారు, నవ్వుతున్నారు, ఎందుకని అడుగుతున్నారు. దిగజారిన ఈ పరిస్థితికి ఆందోళన చెందిన విద్యామండలి, పిల్లలను ఏడాది పొడుగునా మంచుసెలవు నాటిలా కూర్చోబెట్టే విధానం కోసం అన్ని దేశాల నిపుణులనూ ఆహ్వానించింది.

మనవాళ్ళు వెంటనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కదలని, మాట్లాడని, కిటికీలోంచి చూడని పిల్లల్ని తయారు చెయ్యడంలో మనకున్న అనుభవం ఇంకెవరికుంది? పైగా మనకు మంచు కూడా అక్కర్లేదు.