సరేగారు తల ఊపని రోజు

ఆ శనివారం నిద్ర లేస్తూనే సరేగారు ఒక పథకం వేసుకున్నారు. సాయంత్రం కచేరీ ముగిసేదాకా ఎవరికీ, దేనికీ తల ఊపకూడదు. వినడానికి ఇంతే. కానీ అసలు పేరు ఇంట్లోవాళ్ళకే గుర్తు రానంతగా 'సరేగారు' అనిపించుకున్న మనిషికి అది తలకు మించిన పని. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆయన ఎవరికీ కాదని చెప్పి ఎరగరు. సరే అన్నప్పుడల్లా తల ముందుకు వంగేది. రాను రాను ఆ మాటకూ మెడకూ ముడి పడిపోయింది. ఇప్పుడు మెడ కదలకుండా ఉండాలంటే నోరు కూడా కట్టేసుకోవాల్సిందే.

ఈ గ్రహచారం తెచ్చిపెట్టింది స్వయానా బావమరిది. సరేగారు సాయంత్రాలు ఒక గాయక బృందంలో పాడతారు, దానికి కార్యదర్శి కూడా తానే. ఎవరూ ఒప్పుకోని పదవి కాబట్టి ఆయనకు దక్కింది. బ్యాంకు పై అంతస్తులోని రిహార్సల్ గదిలో మూడు బీరువాల నిండా నొటేషన్ కాగితాలుండేవి. అంచులు నలిగి, పెన్సిల్ గీతలతో నల్లబడి, ఎవరి కాగితం ఎవరిదో వాసన చూసి చెప్పేటట్టు ఉండేవి. బావమరిది కొత్తగా టాబ్లెట్ కంప్యూటర్ల వ్యాపారంలో దిగి, తొలి బేరం కోసం బయట ఎక్కడా తిరగకుండా తిన్నగా అక్క ఇంటికే వచ్చాడు.

"ఇంకా ఈ చిత్తుకాగితాలేమిటి బావా? అన్నీ టాబ్లెట్లలోకి ఎక్కించేద్దాం. ఒక్కరు కెమెరా ముందు తల ఇలా కిందికి ఊపితే నలభై మందికీ పేజీ తిరుగుతుంది. అడ్డంగా ఊపితే వెనక్కొస్తుంది. చేత్తో పనే లేదు. ఏమంటావు?"

సరేగారు ఏమంటారో అడగాలా? వారం తిరిగేసరికి నలభై టాబ్లెట్లు వచ్చాయి, కాగితాలన్నీ తూకానికి వెళ్ళిపోయాయి.

అందరి పేజీలనూ తిప్పే పెద్ద టాబ్లెట్‌ను మొదట మాస్టారి ముందు పెట్టారు. మాస్టారు బృందాన్ని నడిపించేది చేతులతో అని లోకం అనుకుంటుంది గానీ, నిజానికి తలతో. తొలి పాట తొలి చరణం ముగిసేలోగా పుస్తకం మొత్తం అయిపోయింది. తర్వాత పియానో ఆవిడ ముందు పెట్టారు. ఆవిడ తాళం లెక్కపెట్టుకునేదీ తలతోనే.

"పాడేటప్పుడు స్తంభంలా నిలబడేది మీరొక్కరే," అన్నారు మాస్టారు అలసిపోయి. "మీ దగ్గర పెట్టుకుంటారా?"

సరేగారు సరే అని తల ఊపారు. నలభై మందికీ పేజీ తిరిగింది. ఎవరైనా ఆలోచించదలిస్తే అదే సమయం, కానీ అప్పటికే అందరికీ ఆకలేస్తోంది.

ఆ పేజీలు ఎలా పోతే మాత్రం ఏం, కచేరీలో భార్య పాట లేకపోతే. ఆవిడ బృందంలో మంద్రస్థాయి వరుసలో పదేళ్ళుగా నిలబడుతోంది. ఒంటరిగా పాడే పాట వచ్చిందంటే అది ఎప్పుడూ ముందు వరుసలో పై స్వరాలు పాడే 'తారస్థాయి గారి'కే. ఆవిడ గొంతు పైకి పోతుంది, పోయిన గొంతు కిందికి దిగదు, మనిషీ అంతే. ఈసారి మాస్టారు ఏ కళనున్నారో, లోతైన గొంతు కావాల్సిన పాట ఎంచుకుని సరేగారి భార్యకిచ్చారు. ఇది చెడిపోతే ఆవిడ ఇంకెప్పుడూ నోరు తెరిచి ఏదీ అడగదు. ఆ సంగతి సరేగారికి బాగా తెలుసు. అందుకే పేజీ తిప్పడానికి తప్ప కదలకూడదని పొద్దుటి నుంచీ మెడకు శిక్షణ.

"ఏమండీ, నా పాట దగ్గర పేజీలు జాగ్రత్తగా తిప్పుతారుగా?" కాఫీ చేతికిస్తూ అడిగింది భార్య.

సరేగారు కళ్ళు పెద్దవి చేశారు. అంతకు మించి ఏ అవయవాన్నీ కదపలేదు.

"అడుగుతున్నది మిమ్మల్నే."

ఆయన చెయ్యి గాలిలో ఒకసారి తిప్పారు. తప్పకుండా అని ఆయన ఉద్దేశం. ఈగను తోలినట్టుంది.

"ఎదురింటాయన నిచ్చెన అడిగితే ఊపుతారు. దారిన పోయేవాడు టైమెంతని అడిగినా ఊపుతారు. నేనడిగితే మాత్రం మెడ బిగుసుకుపోయిందన్నమాట. నేను పాడటం ఇష్టం లేకపోతే ఆ ముక్క మొన్ననే చెప్పాల్సింది."

విడమరిచి చెబుదామని నోరు తెరిచారు. అలవాటు కొద్దీ నాలుక మీదికి వచ్చింది 'సరే' ఒక్కటే. ఇష్టం లేదా అంటే సరే అన్నట్టవుతుందని గభాలున మూసేశారు. ఆవిడ ఆ కప్పులో ఇంకా సగం కాఫీ ఉండగానే తీసుకుపోయింది.

ఆఫీసులో సంగతి ఇంకోలా తిరిగింది. "రేపు ఒక్కపూట వచ్చి పాత ఫైళ్ళు సర్దిపెట్టండి," అని ఆఫీసరుగారు ఎప్పటిలాగే నడుస్తూ చెప్పి, జవాబు వినకుండా తలుపు దాకా వెళ్ళారు. వెనక నుంచి సరే అని వినబడకపోయేసరికి మెట్టు తప్పినవాడిలా ఆగిపోయారు.

"పోనీ, పై ఆదివారం?"

సరేగారు గోడ వైపు చూశారు.

"నా వల్ల ఏదైనా పొరపాటు జరిగిందా?" అన్నారు ఆఫీసరు గొంతు తగ్గించి. సరేగారి చూపు గోడ మీది క్యాలెండరుకు మారింది. మంచి మనిషి కాబట్టి గదిలోకి వెళ్ళి సరేగారి ఇంటికే ఫోన్ చేశారు. "అమ్మా, మీవారు ఇవాళ మనిషిలో మనిషిలా లేరు. ఇంట్లో ఏదైనా మాటా మాటా వచ్చిందా?"

కాఫీ దగ్గర జరిగిన ముచ్చట మధ్యాహ్నానికి ఆఫీసుకెక్కిందని భార్యకు అర్థమైంది. మొగుడు తన మీద నలుగురికీ చెప్పుకుని ఏడుస్తున్నాడని కూడా అర్థమైంది. అందులో ఒక్కటీ నిజం కాదు, కానీ కాదని చెప్పాల్సిన మనిషి ఆ రోజు నోరు విప్పడం లేదు.

సాయంత్రం కచేరీ హాలుకి అందరికంటే ముందు సరేగారే వెళ్ళి టాబ్లెట్లన్నీ స్టాండ్ల మీద నిలబెట్టి, మొదటి పేజీ తెరిచి, పెద్ద టాబ్లెట్ ముందు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. తారస్థాయి గారు సరిగ్గా అప్పుడే వచ్చారు.

"కార్యదర్శిగారూ, మనలో మాట. ఆ పాట చివర పైకెక్కేచోట మీ ఆవిడ గొంతు చాలదండి. నేనందుకుంటే నిండుగా ఉంటుంది. మీకు అభ్యంతరమైతే తల అడ్డంగా ఊపండి, ఇంకొక్క మాట మాట్లాడితే ఒట్టు."

అడ్డంగా ఊపితే నలభై టాబ్లెట్లు వెనక్కి తిరుగుతాయి. నోటితో కాదందామంటే ఆ మాట ఆయన నోటికి ఎప్పుడూ తిరగలేదు. చెమటలు కక్కుతూ అలాగే నిలబడ్డారు.

"మౌనం అర్ధాంగీకారం అంటారు కదండీ," అన్నారావిడ తృప్తిగా. "అర్ధమంటే సగం. సగం పాట నాకిచ్చినట్టే." ఆ మాటే మాస్టారి చెవిన వేశారు. మాస్టారు అప్పటికే ఎవరేం చెప్పినా ఒప్పేసుకునే స్థితిలో ఉన్నారు.

భార్య వచ్చి సంగతి విని, మొగుడి దగ్గరికొచ్చి చాలా మెల్లగా మాట్లాడింది. ఆవిడ మెల్లగా మాట్లాడిందంటే అరిచినదానికన్నా ప్రమాదం.

"అర్ధాంగి పాటని సగానికి కోసి ఊళ్ళోవాళ్ళకి అర్ధాంగీకారం ఇచ్చొచ్చారా? పదేళ్ళు ఆగాను కదా, ఇంకో పదేళ్ళు ఆగుతానని అనుకున్నారా?"

ఆవిడ వెళ్ళి తన వరుసలో నిలబడింది. సరేగారికి నిజంగానే ఏడుపొచ్చింది. ఏడిస్తే తల కదులుతుందని మింగేసుకున్నారు. ఎవరి కోసం ఇంత కష్టపడుతున్నారో ఆ మనిషికే శత్రువైపోయాక, ఇక ఈ మెడ బిగించి ఎవరిని ఉద్ధరించాలో ఆయనకు తెలియలేదు. అయినా బిగించే ఉంచారు.

హాలు నిండింది. మొదటి పాటలు ఎలాగో గట్టెక్కాయి. భార్య పాట మొదలైంది. చుట్టూ బృందం సన్నగా శ్రుతి కలుపుతుంటే ఆవిడ గొంతు అడుగు నుంచి లేచింది. ఇంట్లో కూరలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ ఇన్నేళ్ళుగా ఆవిడ తీసిన రాగాలు ఇవేనా అని సరేగారు తెల్లబోయారు. రెండో చరణంలో ఒక స్వరం దగ్గర ఆవిడ కాస్త ఆగి, మెత్తగా కిందికి దిగింది. ఆహా అని ఆయన తల దానంతటదే ఊగింది.

పేజీ తిరిగింది. బృందం మొత్తం టాబ్లెట్లను నమ్మి తర్వాతి పేజీలోకి దూకింది. అయ్యయ్యో కాదు కాదని సరేగారు అడ్డంగా ఊపారు, మూడు పేజీలు వెనక్కి పోయాయి. మాస్టారు ముందుకు తిప్పమని ఆయన వైపు తల ఎగరేశారు. ఎదుటివాడు తల ఎగరేస్తే ఈయన ఊపకుండా ఎలా ఉంటారు? పేజీలు పరుగెత్తి, పాట దాటి, ఎప్పుడో చివర పాడాల్సిన జోలపాటలోకి వెళ్ళిపోయాయి. కొందరు జోలపాట అందుకున్నారు. కొందరు నోరు వెళ్ళబెట్టారు. పియానో ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తన సగం కోసం ఠీవిగా ముందుకొచ్చిన తారస్థాయి గారు టాబ్లెట్‌లోకి చూసి, వెనక్కి చూసి, గొంతు సవరించుకుని ఊరుకున్నారు. రెండో వరుసలో కూర్చున్న బావమరిది కుర్చీలోంచి వంగి వంగి తలుపు వైపు నడిచాడు.

పాడుతున్నది ఇక భార్య ఒక్కతే. ఆవిడ టాబ్లెట్ వైపు చూడనే లేదు. పదేళ్ళుగా ఇంట్లో పాడుకుంటూ కంఠతా వచ్చిన పాటకి పేజీలెందుకు? తన సగం పాడి, అవతలివాళ్ళ సగమూ పాడి, పైకెక్కేచోట నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా ఎక్కి ఆపింది. హాల్లో జనం లేచి నిలబడ్డారు.

తెర వెనక మాస్టారు తల పట్టుకుని కూర్చున్నారు. "నిండు సభలో నా నోరు మూయించారు," అని తారస్థాయి గారు కనబడినవాళ్ళందరికీ చెబుతున్నారు. బావమరిది ఫోను ఎత్తడం లేదు. టాబ్లెట్లు పోగుచేస్తున్న సరేగారి దగ్గరికి భార్య వచ్చింది.

"బయట అందరిదీ ఒకటే మాటండీ. పాట మొత్తం నాకే దక్కాలని మీరు కావాలనే అందరి పేజీలూ చెదరగొట్టారట. నిజమేనా?"

ఆవిడ మొహం అంత వెలిగిపోతుండగా చూసి ఎన్నేళ్ళయిందో. ఒక్క సరే అంటే చాలు. ఆయన జీవితంలో ఇంతకన్నా తేలికైన సరే ఎన్నడూ రాలేదు. మెడ అప్పుడే వంగబోయింది. ఆయన దాన్ని ఆపారు.

"కాదు," అన్నారు. ఆ మాట ఆయన చెవులకే కొత్తగా వినిపించింది. "కావాలని చెయ్యలేదు. నువ్వు పాడుతుంటే తల దానంతటదే ఊగింది. ఇన్నేళ్ళూ ఇంట్లో పాడుతూనే ఉన్నావు, నేనే వినలేదు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆయన చేతిలోని టాబ్లెట్ తీసుకుని బల్ల మీద బోర్లించింది.

"అయితే ఇవాళ ఊపింది నిజంగా ఊపారన్నమాట," అంది. తర్వాత ఏదో తట్టినట్టు ఆయన వైపు తిరిగింది. "మరి ఇన్నేళ్ళూ నా మాటలకి ఊపినవన్నీ ఏమిటండీ?"

ఒక పూటకి ఒక నిజం చాలని సరేగారు ఊరుకున్నారు.